మెరిడాలో మకాం వేసి మాయా ఊళ్లు చూడటం ఎలా

మెక్సికోలో మాయా ప్రజల పాత కట్టడాలు చూడాలనుకునే వాళ్లలో చాలామంది కాన్‌కూన్‌లో దిగి, బీచ్ హోటల్లో ఉండి, ఒకరోజు పొద్దున్నే టూర్ బస్సెక్కి చిచెన్ ఇట్జా అనే మాయా శిథిల నగరానికి వెళ్లి, నడినెత్తిన ఎండలో రెండు గంటలు తిరిగి, నాలుగు ఫోటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. మేమూ మొదటిసారి అదే చేశాం. రెండోసారి బుద్ధి తెచ్చుకుని పడమర వైపున్న మెరిడాలో ఆరు రోజులు మకాం వేశాం. అప్పుడుగానీ తెలియలేదు, మొదటిసారి మేం చూసింది ఒక పిరమిడ్‌నే గానీ ఆ ప్రాంతాన్ని కాదని.

మెరిడా యుకటాన్ రాష్ట్రానికి రాజధాని. స్పానిష్ వాళ్లు 1542 జనవరి 6న పెట్టిన ఊరు. ఖాళీ నేల మీద పెట్టలేదు, అక్కడ అప్పటికే తిహో అనే మాయా నగరం ఉంది. దాని రాతి కట్టడాలు చూసి తమ దేశంలో రోమన్ శిథిలాలున్న మెరిడా గుర్తొచ్చి ఆ పేరే పెట్టారు. తర్వాత ఆ గుడుల రాళ్లు పీకి చర్చిలు, ఇళ్లు కట్టుకున్నారు. ఈ ఒక్క సంగతి తెలిసి తిరిగితే ఊరంతా వేరేగా కనిపిస్తుంది, కాబట్టి నా సలహా ఏంటంటే బయటి శిథిలాల కోసం పరుగెత్తే ముందు ఒక పూర్తి రోజు ఊళ్లోనే గడపండి.

అన్నిటికంటే ముందు ఎండ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మీ టైమ్‌టేబుల్ రాసేది మీరు కాదు, అదే. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు మామూలే, పైగా ఉక్క. జూన్ నుంచి అక్టోబర్ దాకా సాయంత్రాలు వాన పడుతుంది, తుపాన్లు వచ్చే కాలం కూడా అదే. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. ఏ నెలలో వెళ్లినా మేం పెట్టుకున్న పద్ధతి పనికొస్తుంది: రోజుకి ఒక్క ఊరే, పొద్దున 6:30కల్లా బయటపడటం, మధ్యాహ్నం రెండు లోపల గదికి తిరిగొచ్చి స్నానం చేసి పడుకోవడం, సాయంత్రం ఐదున్నరకి మళ్లీ బయటికి. ఒకరోజు అత్యాశకి పోయి రెండు శిథిలాలు, ఒక సెనోటే (నేల కూలి నీళ్లు నిండిన గొయ్యి) కలిపి పెట్టుకున్నాం. రెండో శిథిలంలో మా ఆవిడ ఒక చెట్టు కింద కూర్చుని "ఇంక నాకు రాళ్లు చూపించకు" అంది. ఆమెది తప్పేం లేదు.

మొదటి రోజు ఊళ్లోనే

పాత ఊళ్లో వీధులకి పేర్లు లేవు, నంబర్లే. సరి సంఖ్యల వీధులు ఉత్తర దక్షిణాలుగా, బేసి సంఖ్యల వీధులు తూర్పు పడమరలుగా వెళ్తాయి. అడ్రసు "60, 59కీ 61కీ మధ్య" అన్నట్టు రాస్తారు. అంటే 60వ వీధిలో, ఆ రెండు అడ్డవీధుల మధ్య ఉన్న ముక్కలో వెతుక్కోవాలి. ఇంటి నంబరు చెప్తే టాక్సీ వాళ్లకి కూడా ఉపయోగం ఉండదు, అడ్డవీధులు చెప్పాలి. కొన్ని మూలల్లో గోడకి ఏనుగు బొమ్మో, ఇంకేదో జంతువు బొమ్మో ఉన్న పలకలు కనిపిస్తాయి. వీధి మూలలని నంబర్లతో కాకుండా ఆ పేర్లతో పిలుచుకున్న రోజుల గుర్తులవి.

ఊరి నడిబొడ్డు ప్లాసా గ్రాండె. 60, 61, 62, 63 వీధుల మధ్య ఉన్న చెట్ల చౌకు. ఇక్కడ ఇద్దరు ఎదురెదురుగా కూర్చునేలా ఎస్ ఆకారంలో తెల్లటి కుర్చీలు ఉంటాయి, పక్కపక్కనే ఉన్నా మధ్యలో చేతి గట్టు అడ్డం. ప్రేమికుల కోసం పెట్టారంటారు, ప్రేమికుల పెద్దల కోసం పెట్టారని నా అనుమానం.

తూర్పు వైపు కథీడ్రల్. 16వ శతాబ్దంలో మొదలుపెట్టి 1598లో పూర్తి చేశారు, అమెరికా ఖండాల ప్రధాన భూభాగంలో అతి పాతవాటిలో ఒకటి. లోపల బంగారు నగిషీలు ఆశించకండి, మెక్సికో విప్లవం రోజుల్లో, 1915లో లూటీ అయింది. ఆ బోసితనమే నాకు నచ్చింది, రాయి రాయిలాగే కనిపిస్తుంది, ఆ రాయి ఎక్కడిదో మీకు తెలుసు కదా. దక్షిణం వైపు మొంతేహో ఇల్లు. ఊరిని స్థాపించిన కుటుంబం 1540లలో కట్టించుకున్నది. గుమ్మం పైన చెక్కిన సైనికులు అరుస్తున్న తలల మీద కాళ్లు పెట్టి నిలబడి ఉంటారు. గెలిచినవాళ్లు తమ గురించి ఏమనుకున్నారో చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు, ఆ గుమ్మం చాలు. లోపల చిన్న మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం.

ఆ గుమ్మానికి జవాబు చౌకుకి ఉత్తరాన, ప్రభుత్వ భవనంలో ఉంది. ఫెర్నాందో కాస్త్రో పచేకో అనే యుకటాన్ చిత్రకారుడు వేసిన పెద్ద పెద్ద చిత్రాలతో గోడలు నిండిపోయి ఉంటాయి. ఆక్రమణ, పుస్తకాల దహనం, తోటల్లో కట్టుబానిసలుగా బతికిన మాయా కూలీలు, 1847లో మొదలైన మాయా తిరుగుబాటు, అన్నీ ఉన్నాయి. ఇదీ ఉచితమే. చాలామంది ఐదు నిమిషాల్లో చుట్టి వచ్చేస్తారు, మీరు గంట పెట్టుకోండి. తర్వాత ఐదు రోజులు మీరు చూడబోయే ప్రతి ఊరి కథా ఆ మేడ మీద హాల్లోనే ఉంది.

అక్కడి నుంచి 60వ వీధిలో ఉత్తరానికి నడిస్తే 59వ వీధి దగ్గర యేసు చర్చి వస్తుంది. జెస్యూట్ సన్యాసులు 1618లో కట్టించారు. దాని పక్కనే అమ్మ విగ్రహం ఉన్న చిన్న పార్కు. చర్చి బయటి గోడల దగ్గర నిలబడి ఓపిగ్గా చూడండి. మామూలు రాళ్ల మధ్యలో ఒకటి రెండు రాళ్ల మీద మాయా చెక్కడాలు అలాగే ఉన్నాయి. మేస్త్రీ చూసుకోలేదో, చూసీ వదిలేశాడో. బోర్డేమీ లేదు, మాకు దొరకడానికి పావుగంట పట్టింది.

ఇంకా ఉత్తరానికి వెళ్తే పసేయో దె మొంతేహో అనే వెడల్పాటి రోడ్డు, రెండు వైపులా భవంతులు. ఇవన్నీ ఎనెకెన్ డబ్బు. ఎనెకెన్ అంటే కలబంద జాతి మొక్కలాంటి ముళ్ల మొక్క, దాని ఆకుల నుంచి తాళ్లకి పనికొచ్చే నార వస్తుంది. సిసాల్ అనే రేవు నుంచి ఎగుమతి అయ్యేది కాబట్టి ఆ నారని ప్రపంచమంతా సిసల్ అంటారు. 19వ శతాబ్దం చివర్లో దీన్ని పచ్చ బంగారం అనేవారు. బంగారం దొరలది, ముళ్లు కూలీలవి. ఈ రోడ్డు మీద కాంతోన్ భవనంలో ఉన్న ఆంత్రోపాలజీ మ్యూజియం చూడదగ్గదే, కానీ ఒక్కటే చూసే టైముంటే ఊరి ఉత్తర కొసన 2012లో తెరిచిన గ్రాన్ మ్యూజియో దెల్ ముందో మాయాకి వెళ్లండి. అది మొదలయ్యేదే ఇవాళ్టి మాయా ప్రజల నుంచి. "మాయన్లు అంతరించిపోయారు" అని మనం ఎక్కడో చదివి ఉంటాం. ఎక్కడికీ పోలేదు, యుకటెక్ మాయా భాష మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఏడు లక్షల పైచిలుకు ఉన్నారు, మీకు పొద్దున టిఫిన్ పెట్టే ఆవిడే పక్కావిడతో ఆ భాషలో మాట్లాడుతుంటుంది. "దియోస్ బొఓతిక్" అంటే థ్యాంక్స్. ఒక్కసారి అని చూడండి, ఎదుటి మొహం ఎలా మారుతుందో.

సాయంత్రాలకి డబ్బు ఖర్చు పెట్టాల్సిన పనే లేదు. సోమవారం రాత్రి మున్సిపల్ భవనం ముందు వకేరియా నాట్యం, గురువారం రాత్రి 9కి సాంతా లూసియా పార్కులో పాటల కచేరీ (1965 నుంచి జరుగుతోంది), ఆదివారం చౌకు చుట్టూ వాహనాలు ఆపేసి తిండి బండ్లు, డాన్సులు. ఆదివారం పొద్దున పసేయో మీద కార్లు బంద్ చేసి సైకిళ్లకి వదిలేస్తారు, అద్దె సైకిల్ దొరుకుతుంది. కాబట్టి ఆదివారం ఊళ్లోనే ఉండేలా చూసుకోండి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది: ఆదివారాలు మెక్సికో పౌరులకి శిథిలాల్లో ప్రవేశం ఉచితం, ఆరోజు జనం మామూలుగా ఉండరు.

ఒక్కటే చూడగలిగితే ఉష్మల్ చూడండి

ఈ మాట అంటే చిచెన్ ఇట్జా అభిమానులు కొట్టడానికొస్తారు, ఫర్వాలేదు. ఉష్మల్ మెరిడాకి దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్లు, కారులో గంటంపావు. పొద్దున 8కి గేటు తెరుస్తారు. మేం ఎనిమిదింపావుకి లోపలికి వెళ్తే మాతో పాటు ఇంకో పది మంది, వందలాది ఇగువానాలు, అంతే. రాళ్ల మీద ఎండకి పడుకున్న ఆ పెద్ద తొండలే అక్కడి అసలు యజమానులనిపిస్తుంది.

లోపలికి అడుగుపెట్టగానే మాంత్రికుడి పిరమిడ్. 35 మీటర్ల ఎత్తు, అడుగు భాగం నలుచదరం కాదు, కోడిగుడ్డులా గుండ్రంగా సాగి ఉంటుంది. దీని వెనక ఒక కథ చెప్తారు: ఒక ముసలి మంత్రగత్తె గుడ్డుని పొదిగితే మరుగుజ్జు పిల్లాడు పుట్టాడట, రాజుతో పందెం కట్టి ఒక్క రాత్రిలో ఈ పిరమిడ్ లేపాడట. తవ్వకాల లెక్క ప్రకారం మాత్రం ఒకదాని మీద ఒకటిగా ఐదు దశల్లో కట్టారు. ఎక్కనివ్వరు, కింద నుంచే చూడాలి.

ఉష్మల్‌లో నిజంగా ఆగి చూడాల్సింది గోడల పైభాగం. సన్యాసినుల చతుశ్శాల అని స్పానిష్ వాళ్లు పేరు పెట్టిన నాలుగు భవనాల ఆవరణ (సన్యాసినులెవరూ లేరు, వాళ్లకి అలా అనిపించిందంతే), గవర్నర్ భవనం అనే సుమారు 100 మీటర్ల పొడవైన మేడ, ఈ రెండిటి మీదా వేలకొద్దీ చెక్కిన రాళ్లని ముందే తయారుచేసుకుని అతికినట్టు పేర్చారు. ఆ నగిషీలో మళ్లీ మళ్లీ వచ్చే మొహం ఒకటుంటుంది, ఏనుగు తొండంలా వంకర తిరిగిన పొడవాటి ముక్కుతో. అది వాన దేవుడు చాక్. ఇన్నిసార్లు ఎందుకు చెక్కారంటే ఈ గుట్టల ప్రాంతంలో నది లేదు, బావి తవ్వినా నీళ్లు అందనంత లోతు, ఉత్తరాన ఉన్నట్టు సెనోటేలు కూడా లేవు. నేల కింద సీసా ఆకారంలో తొట్లు కట్టి వాననీళ్లు దాచుకుని బతికారు. వాన పడకపోతే అంతే సంగతులు. గైడ్ ఈ ముక్క చెప్పాక ఆ ముక్కులన్నీ నాకు అలంకారంలా కాదు, దణ్ణాల్లా కనిపించాయి.

ఓపికుంటే, కారుంటే, దారి పొడిగించి కబా చూడండి. ఉష్మల్ నుంచి 20 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ ఒక భవనం ముందు గోడ మొత్తం చాక్ మొహాలే, సుమారు 250. ఒకప్పుడు ఈ రెండు ఊళ్లనీ కలుపుతూ 18 కిలోమీటర్ల తెల్ల రాతి బాట ఉండేది. ఇంకా ముందుకి సయిల్, లబ్నా ఉన్నాయి గానీ అవి శిథిలాల పిచ్చి బాగా ముదిరినవాళ్లకి. నాకు ముదిరింది, మా ఆవిడకి ముదరలేదు, లబ్నా కమాను నేను ఫోటోల్లోనే చూశాను.

చిచెన్ ఇట్జాకి వెళ్లే పద్ధతి

వెళ్లొద్దనడం లేదు, వెళ్లే పద్ధతి వేరు. మెరిడా నుంచి తూర్పుకి 120 కిలోమీటర్లు, గంటన్నర. ఇక్కడే మెరిడా మకాం లాభం తెలుస్తుంది: కాన్‌కూన్ ఉన్న రాష్ట్రం గడియారం యుకటాన్ కంటే గంట ముందుంటుంది, అక్కడి టూర్ బస్సులు సాధారణంగా పదిన్నర దాటాకే వచ్చి దిగుతాయి. మీరు 8కి గేటు దగ్గరుంటే రెండున్నర గంటలు ప్రశాంతంగా మీవి. ఇదే గడియారం తేడా అటు నుంచి ఫ్లైట్ ఎక్కేవాళ్ల కొంప ముంచుతుంది కూడా, జాగ్రత్త.

టికెట్ కౌంటర్లో తికమక పడకండి. ఒకటి రాష్ట్ర ప్రభుత్వానిది, ఒకటి కేంద్ర పురావస్తు సంస్థది, రెండూ వేరువేరుగా కట్టాలి. ఉష్మల్‌లోనూ ఇదే తంతు. విదేశీయులకి రెండూ కలిపి 500 పెసోలు దాటుతుంది, ఏటా పెరుగుతుంటుంది, కాబట్టి ముందురోజు చూసుకుని నగదు పట్టుకెళ్లండి. ఒక కౌంటర్లో కార్డు తీసుకుని పక్క కౌంటర్లో మెషిన్ పనిచేయట్లేదని చెప్తే వెనక వంద మంది ముందు జేబులు తడుముకోవాల్సి వస్తుంది, అనుభవం మీద చెప్తున్నా.

గేటు దాటగానే అందరూ పెద్ద పిరమిడ్ ముందు ఆగిపోతారు. నాలుగు వైపులా 91 మెట్ల చొప్పున 364, పైన గుడి గడపతో 365. మార్చి, సెప్టెంబర్లలో రాత్రి పగలు సమానమయ్యే రోజుల్లో మెట్ల అంచు మీద పాము పాకుతున్నట్టు నీడ పడుతుంది. ఆ రోజుల్లో వెళ్లకండి, పాము కన్నా తలకాయలే ఎక్కువ కనిపిస్తాయి. పిరమిడ్ మెట్లకి ఎదురుగా నిలబడి గట్టిగా చప్పట్లు కొడితే ప్రతిధ్వని పక్షి కూతలా తిరిగొస్తుంది, క్వెట్సాల్ అరుపంటారు. తర్వాత బంతాట మైదానం, పొడవు 168 మీటర్లు, మెసోఅమెరికాలో, అంటే మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతంలో, ఇంతకన్నా పెద్దది లేదు. గోడ ఎత్తున బిగించిన రాతి ఉంగరం చూస్తే, చేత్తో ముట్టకుండా నడుముతో బంతిని దాంట్లోంచి ఎలా పంపించారా అని బుర్ర గోక్కుంటాం.

అక్కడి నుంచి తెల్ల బాట మీద నడిస్తే పవిత్ర సెనోటే. సుమారు 60 మీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి గొయ్యి, అడుగున పచ్చటి నీళ్లు. బంగారం, జేడ్ అనే పచ్చ రాళ్లు, మనుషులు, అన్నీ దేవుడికని ఇందులోకి వెళ్లాయి. అమెరికన్ కాన్సుల్ ఎడ్వర్డ్ థాంప్సన్ 1894లో ఈ శిథిలాలున్న ఎస్టేటునే కొనేసి, తర్వాత ఈ గొయ్యిని గాలించి దొరికింది దొరికినట్టు హార్వర్డ్ వాళ్ల పీబాడీ మ్యూజియానికి పంపించాడు. దక్షిణం వైపున్న నక్షత్రాలు చూసిన గుండ్రటి మేడ దాకా చాలామంది నడవరు, మీరు నడవండి. దారంతా బొమ్మలమ్మేవాళ్లు చిరుతపులిలా అరిచే ఈలలు ఊదుతుంటారు, మొదటి పది నిమిషాలు సరదాగా ఉంటుంది.

పదకొండుకి బయటపడి స్నానానికి వెళ్లాలనుకుంటే అందరూ ఇక్ కిల్ అనే సెనోటేకి పోతారు. అందమైనదే, కానీ టూర్ బస్సులన్నీ అక్కడే ఆగుతాయి. మెరిడాకి తిరిగొచ్చే పాత రోడ్డు మీద యోక్‌జోనోత్ అనే పల్లెలో ఉన్న సెనోటేని ఊళ్లోవాళ్లే సహకార సంఘంగా నడుపుతున్నారు. మేం అక్కడికెళ్లాం, నీళ్లలో మాతో పాటు ఆరుగురే, పక్కనే భోజనం.

ఇసమాల్, ఒక పూట

మెరిడాకి 70 కిలోమీటర్ల దూరంలో ఊరంతా పసుపు రంగు వేసుకున్న పట్నం. మధ్యలో శాన్ ఆంతోనియో మఠం, దాని కింద ఉన్నది మాయా పిరమిడ్ అడుగు. పైభాగం పీకేసి అదే రాయితో మఠం కట్టారు. ముందున్న ఆవరణకి 75 కమానులు, ఇలాంటి ఆవరణల్లో వాటికన్ తర్వాత ఇదే పెద్దదని అక్కడివాళ్లు గర్వంగా చెప్తారు. పోప్ రెండో జాన్ పాల్ 1993లో ఇక్కడికి వచ్చాడు.

ఈ మఠం కట్టించిన దియేగో దె లాందా అనే సన్యాసి 1562లో మానీ అనే ఊళ్లో మాయా పుస్తకాలని, విగ్రహాలని కుప్పపోసి తగలబెట్టించాడు. ఇవాళ ప్రపంచం మొత్తంలో మిగిలిన మాయా పుస్తకాలు నాలుగే. విచిత్రం ఏంటంటే ఆయనే తర్వాత స్పెయిన్‌లో కూర్చుని మాయా ఆచారాలు, క్యాలెండర్, అక్షరాల గురించి ఒక గ్రంథం రాశాడు. 1952లో సోవియట్ పండితుడు యూరీ క్నోరొజోవ్ మాయా లిపి చదివే దారి కనిపెట్టడానికి ఆ అక్షరాల పట్టికే ఆధారమైంది. తగలబెట్టినవాడి చేతి రాతే తాళంచెవి అయింది. ఆయన విగ్రహం మఠం దగ్గరే ఉంది, చూసి ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

నాలుగు వీధుల అవతల కినిచ్ కక్‌మో పిరమిడ్. మేం వెళ్లినప్పుడు టికెట్ లేదు, ఎక్కనిచ్చారు కూడా. అడుగు 200 మీటర్ల దాకా ఉన్న కొండంత కట్టడం, ఇళ్ల మధ్యలో. మెట్లు ఎత్తుగా ఉంటాయి, దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగండి. పైనుంచి చూస్తే పసుపు మఠం, చుట్టూ చదునుగా అడవి, ఒక్క కొండ లేదు.

నీళ్ల వైపు

యుకటాన్ ఉత్తర భాగంలో నేల మీద నదులు లేవు. అంతా సున్నపురాయి, వాన నీరు ఇంకిపోయి కింద గుహల్లో పారుతుంది, పైకప్పు కూలిన చోట సెనోటే. 6.6 కోట్ల ఏళ్ల కింద డైనోసార్లని తుడిచిపెట్టిన గ్రహశకలం పడింది ఈ చుట్టుపక్కలే, చిక్షులూబ్ దగ్గర. ఆ బిలం అంచు వెంబడి సెనోటేలు అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్నాయి. ఓమూన్, కుసమా ఊళ్లు ఆ వరస మీదే ఉన్నాయి, మెరిడాకి ఆగ్నేయంగా గంట దూరం. ఓమూన్‌లో ఊరి మొదట్లోనే ఆటోలాంటి మోటోటాక్సీల వాళ్లు ఎదురొస్తారు, ఒకరితో మూడు సెనోటేలకి ఇంతని బేరం కుదుర్చుకుంటే చాలు. కుసమాలో ఎనెకెన్ మోసిన పాత పట్టాల మీద గుర్రం లాగే బండిలో తీసుకెళ్తారు. ఈత రాకపోతే లైఫ్ జాకెట్ తప్పనిసరి, సిగ్గుపడొద్దు, అడుగు ఎంత లోతో కనిపించదు. సన్‌స్క్రీన్ రాసుకుని దిగనివ్వరు, ముందు షవర్ చేయాలి. చెక్క మెట్లు జారతాయి, పట్టున్న చెప్పులు కావాలి.

సెలెస్తూన్ పడమర తీరంలో, సుమారు 90 కిలోమీటర్లు. నవంబర్ నుంచి మార్చి మధ్య వెళ్తే ఉప్పుటేరులో గులాబీ రంగు ఫ్లెమింగోలు వేలల్లో ఉంటాయి. పడవకి ఇంత అని రేటు, మనిషికి కాదు, కాబట్టి రేవు దగ్గర ఇంకో కుటుంబంతో కలిస్తే ఖర్చు తగ్గుతుంది. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. పక్షులు ఒక్కసారిగా ఎగిరే ఫోటో కోసం పడవని దగ్గరకి పోనివ్వమని అడగొద్దు, మంచి పడవవాడైతే ఒప్పుకోడు కూడా.

సముద్రపు ఒడ్డున ఉన్న ప్రోగ్రెసో 35 కిలోమీటర్లే, బస్సులో వెళ్లొచ్చు. సముద్రంలోకి ఆరు కిలోమీటర్ల పైన సాగిన రేవు వంతెన ఉంది. ఓడ వచ్చిన రోజు తప్ప మిగతా రోజుల్లో నెమ్మదైన ఊరు, మధ్యాహ్నం చేప తిని రావడానికి బాగుంటుంది, అంతకుమించి ఆశించకండి.

బండి, బస్సు, రైలు

సొంతంగా తిరగడానికి కారే సుఖం. కానీ అద్దె విషయంలో మేం తిన్న దెబ్బ మీరు తినొద్దు. ఆన్‌లైన్లో రోజుకి కాఫీ ఖరీదంత చూపించారు, కౌంటర్ దగ్గరికెళ్తే ఇన్సూరెన్స్ కలిపి ఐదింతలు అడిగారు. మెక్సికోలో ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్ చట్టప్రకారం తప్పనిసరి, క్రెడిట్ కార్డు ఇచ్చే కవరేజీ మామూలుగా దానికి వర్తించదు. బుక్ చేసేటప్పుడే అన్నీ కలిపిన ధర రాతపూర్వకంగా తీసుకోండి, బండి తీసుకునేటప్పుడు నాలుగు వైపులా వీడియో తీయండి. రోడ్లు బాగుంటాయి, ఒక్కటే ప్రమాదం తోపెస్, అంటే స్పీడ్ బ్రేకర్లు. ప్రతి ఊరి మొదట, చివర, మధ్యలో, కొన్నింటికి రంగు కూడా ఉండదు. చీకటి పడ్డాక పల్లె దారుల్లో నడపకుండా ఉంటే మంచిది. పెట్రోల్ బంకులో మీటరు సున్నా దగ్గరుందో లేదో చూసి మరీ కొట్టించుకోండి.

బస్సులో అయితే చిచెన్ ఇట్జాకి ఏడీఓ అనే కంపెనీ ఫస్ట్ క్లాస్ బస్సులున్నాయి, ఇసమాల్‌కి వేరే స్టేషన్ నుంచి సెకండ్ క్లాస్‌వి, ప్రోగ్రెసోకి 62వ వీధిలో దాని సొంత స్టేషన్. మెరిడాలో బస్ స్టేషన్లు ఒకటి కాదు, అందుకే ఏ వీధిలో ఎక్కాలో ముందురోజే కనుక్కోండి. ఉష్మల్‌కి బస్సులు తక్కువ, తిరుగు బస్సు టైము కండక్టర్ని అడిగి దిగాలి. 2023 డిసెంబర్లో మొదలైన త్రెన్ మాయా రైలుకి ఇసమాల్, చిచెన్ ఇట్జా స్టేషన్లున్నాయి, రైలు బాగుంటుంది గానీ మెరిడా స్టేషన్ ఊరి బయట తెయాలో ఉంది, అవతల దిగాక కూడా ఇంకో బస్సెక్కాలి. తెల్లారి ఎనిమిదికి గేటు దగ్గరుండాలన్న మన లెక్కకి కుదరదు.

తిండి, ఇంకో రెండు మాటలు

మాంసం తినేవాళ్లు కొచినీతా పిబిల్ తినాలి. పంది మాంసాన్ని అచియోతే అనే గింజల ఎర్రటి ముద్దలో, పుల్ల నారింజ రసంలో నానబెట్టి అరిటాకుల్లో చుట్టి భూమిలో గొయ్యి తీసి వండుతారు. ఇది పొద్దున తిండి, మధ్యాహ్నానికి అయిపోతుంది. శాకాహారులకి కష్టమే గానీ అసాధ్యం కాదు. "సిన్ కార్నె" (మాంసం లేకుండా) అంటే సరిపోదు, వాళ్ల లెక్కలో కోడి, టర్కీ కార్నెలోకి రావు, కాబట్టి "సిన్ పొయ్యో, సిన్ పావో" అని కూడా చెప్పాలి. చిక్కుడు గింజల పప్పు చూసి సంబరపడొద్దు, పంది కొవ్వు పడి ఉండొచ్చు, "సిన్ మంతేకా?" అని అడగాలి. సికిల్ పాక్ అని గుమ్మడి గింజలు, కాల్చిన టమాటాలు కలిపి నూరింది దొరుకుతుంది, అచ్చం రోటి పచ్చడే. గుడ్డు తింటే పపద్సూలెస్ ఉన్నాయి, అంటే ఉడికించిన గుడ్డు చుట్టిన మొక్కజొన్న రొట్టెలు. ష్నిపెక్ అనే హబనేరో కారం పేరుకి మాయా భాషలో కుక్క ముక్కు అని అర్థం, తిన్నాక మన ముక్కు కూడా అలాగే తడిగా ఉంటుందని. హబనేరోని మన కారంతో పోల్చుకుని ధైర్యం చేయకండి, ముందు చిటికెడు. దాహానికి ఆగ్వా దె హమైకా తాగండి, అది గోంగూర జాతి మొక్క ఎర్ర తొడుగులతో చేసింది. రాత్రి చౌకులో మార్కెసీతా, అంటే కరకరలాడే చుట్టలో తురిమిన ఎడామ్ చీజ్.

వీసా సంగతి: భారత పాస్‌పోర్టు వాళ్లకి చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే మెక్సికోది విడిగా అక్కర్లేదు, బయల్దేరేముందు కాన్సులేట్ సైటులో మరోసారి చూసుకోండి.

చౌకులో మంచి బట్టలేసుకున్న ఒకాయన పలకరించి, ఏ దేశమని అడిగి, చరిత్ర చెప్పి, ఇవాళ ఒక్కరోజే తెరిచి ఉండే మాయా సహకార దుకాణానికి దారి చూపిస్తానంటాడు. ఆ దుకాణం రోజూ తెరిచే ఉంటుంది, ధరలు రెండు మూడింతలు. నవ్వి ముందుకెళ్లిపోండి. ఉయ్యాల మంచం, అంటే అమాకా, కొనాలనుకుంటే మార్కెట్ వైపు వీధుల్లో ఉన్న దుకాణాలకి వెళ్లండి. నూలుదా నైలాన్‌దా అడగండి, దారాలు ఎంత దగ్గరగా అల్లారో చూడండి, ఒక్కరికైనా సరే "మత్రిమోనియల్" సైజు తీసుకోండి. కొనే ముందు కట్టించుకుని పడుకుని చూడాలి, నిలువుగా కాదు, ఏటవాలుగా. నిలువుగా పడుకుంటే అరటిపండులా వంగిపోయి పొద్దున నడుము పట్టేస్తుంది, ఆ దుకాణం పెద్దాయన నన్ను చూసి నవ్విందీ అందుకే.